నేరము – జన్మము

శాసనము నిషేధించిన పనియే నేరమని పలువురందురు. ఈ నిర్వచనము చాలదని మా తలంపు. నిషేధించిన వారెవరో, ఎవరిని దండించిరో విచారింపవలదా?

మనుస్మృతి యష్టమాధ్యాయమును జూడుఁడు. దొంగతనమున శూద్రునికి 8 రెట్లు, వైశ్యునికి 16, క్షత్రియునికి 32, బ్రాహ్మణునికి 64 రెట్లు దోషము చెప్పఁబడినది. ఎఱిఁగి చేసినవాని నేరమే పెద్దదని దీని భావము; ఇది మెచ్చఁదగినదే. కాని యా యధ్యాయమందే, ఇతరులకు మరణదండనమైనచోట బ్రాహ్మణునికి శిరోముండనము చాలునన్నారు.

ఆంగ్లేయుల 1860 నాఁటి శిక్షాస్మృతి కులభేదము నెంచలేదని పొగడుదుము. అయినను 1871లో వారే కొన్ని జాతులను పుట్టుకచేతనే నేరస్థులనిరి. 1911లో ఆ చట్టము మద్రాసు రాజధానికిని వచ్చెను. మన యెఱుకలవారిలో అనేకులు, ఏ దొంగతనమును జేయకయే, పోలీసుల యెదుట హాజరు పలుకవలసినవారైరి. 1952లో చట్టము రద్దయ్యెను. అనుమానము రద్దు కాలేదు. బడిలో కలము పోయినయెడల మొదట ఎవరి సంచి వెదకుదురో ఉపాధ్యాయులెఱుఁగుదురు.

దేశకాలములనుబట్టి శాసనములు మాఱుట దోషము గాదు. పనిని విడిచి పుట్టుకను దండించుటయే దోషము. మనువును నిందించి ఆంగ్లేయుని మెచ్చుటయు, ఆంగ్లేయుని నిందించి మనువును మెచ్చుటయు న్యాయము గాదు. ఇరువురిని ఒక్క త్రాసుననే తూఁచవలెను.