వేలాడే దీపం ఎవరి కోసం?

ఈ మధ్య కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు గృహప్రవేశానికి పిలిచి మనకి మొదట చూపించేది దేవుడి గదీ కాదు, వంటిల్లూ కాదు. హాల్లో నిలబెట్టి తలెత్తి చూడమంటారు. అక్కడ కప్పు నుంచి ఒక దీపం వేలాడుతూ ఉంటుంది. గాజు గుత్తో, ఇత్తడి గంటో, వెదురు బుట్టో! “ఎంత బావుందమ్మా!” అనకపోతే మర్యాద కాదు కనుక అంటాం. ధర చెప్పాక మరోసారి అంటాం.

బాగానే ఉంది. కానీ దీపం ఉన్నది దాన్ని చూడటానికా, దాని వెలుతురులో మన పని మనం చూసుకోవటానికా? నవలలు రాసుకునేదానికి దీపాల మీద విమర్శ ఎందుకని మీరు అడగొచ్చు. ఇంటిపనంతా ముగించి రాత్రి పది దాటాక కాగితాలు ముందేసుకునే ఆడదానికి కాక, దీపం గురించి మాట్లాడే హక్కు ఇంకెవరికుంది చెప్పండి!

కేవలం చూడటానికే పెట్టిన దీపాలూ ఉన్నాయి, కాదనను. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాల్లో బెల్జియం గాజు షాండ్లియర్లు 19 ఉన్నాయి. నిజాము ప్రభువుల దర్జా చాటడం వాటి పని. ఆ పని అవి దివ్యంగా చేస్తాయి. ఆ హాల్లో కూర్చుని ఎవరూ బియ్యంలో రాళ్ళు ఏరలేదు కదా! వాటి నమూనాలో ఒక పిల్ల షాండ్లియర్ని తెచ్చి, పది అడుగులైనా లేని ఫ్లాటు కప్పుకి, ఫ్యాను పక్కనే తగిలిస్తేనే చిక్కు. ఫ్యాను రెక్కలకి పైన బల్బు పడిందంటే నీడలు గిరగిరా తిరిగి, చదివేవాళ్ళకి తల తిరుగుతుంది.

ఇళ్ళకి పనికొచ్చే దీపం గురించి శ్రద్ధగా ఆలోచించినవాళ్ళు లేకపోలేదు. డెన్మార్కు దేశపు ఆర్కిటెక్టు పౌల్ హెన్నింగ్‌సెన్ అలాంటివాడు. అతని తల్లి ఆగ్నెస్ హెన్నింగ్‌సెన్ నవలా రచయిత్రి. కిరసనాయిలు దీపాల మెత్తని వెలుతురులో పెరిగినవాడికి ఎలక్ట్రిక్ బల్బు కళ్ళలో గుచ్చుకున్నట్టు అనిపించింది. 1920ల నుంచీ గొడుగుల్లాంటి పలకల్ని ఒకదాని కింద ఒకటి అమర్చి, బల్బు కంటపడకుండా వెలుతురు మాత్రం బల్ల మీద పడేలా చేస్తూ వచ్చాడు. 1958లో అతను చేసిన పి.హెచ్.5 దీపం ఈనాటికీ దొరుకుతుంది. పెద్ద గొడుగు వెడల్పు 50 సెంటీమీటర్లు గనక ఆ 5.

రెండోవాడు ఇసాము నొగుచి అనే శిల్పి. 1951లో జపానులోని గిఫు పట్నంలో పాతకాలపు కాగితం లాంతర్లు చూసి ‘అకారి’ దీపాలు మొదలుపెట్టాడు. సన్నటి వెదురు బద్దల మీద మల్బరీ బెరడుతో చేసిన కాగితం. కాగితం బల్బుని దాచి వెలుతురుని వడకడుతుంది. ఇతని తల్లి లియోనీ గిల్మోర్ కూడా కలం పట్టిన మనిషే. రాసుకునే తల్లుల బిడ్డలిద్దరూ కళ్ళకి హాయైన దీపం కోసం వెతకడం నాకెందుకో ముచ్చటేసింది.

అలాగని వాటిని తెచ్చి నెత్తిన పెట్టుకోమనను. కాగితం దీపానికి మన పోపుల జిడ్డు పట్టిందంటే కడగటానికి వీల్లేదు. రేకు దీపాన్నయితే తుడుచుకోవచ్చు. పైకి నోరు తెరుచుకున్న గాజుగిన్నె దీపాలు మరీ అన్యాయం. తొలకరి జల్లు పడితే చాలు, ఉసిళ్ళన్నీ అందులోనే! స్టూలెక్కి శుభ్రం చేయాల్సింది ఎవరో వేరే చెప్పాలా?

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. హాల్లో దీపానికి వేలు పోసిన ఇంట్లోనే, వంటింట్లో ఇల్లాలి వీపు వెనక గోడకి ఒక్క ట్యూబులైటు ఉంటుంది. ఆవిడ కూర తరుగుతుంటే ఆవిడ నీడే కత్తి మీద పడుతుంది. ఇరవై ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుతురులో అరవై ఏళ్ళ కంటికి చేరేది సుమారు మూడో వంతేనట. “నాకు చూపు ఆనటం లేదే” అని అత్తగారు నొచ్చుకుంటే కళ్ళద్దాలు మారుస్తాం గాని దీపం మార్చం. చుట్టాలు ఏడాదికి నాలుగుసార్లు వస్తారు. కూర రోజూ తరుగుతాం.

కొనదలిస్తే ఇలా చేయండి. కొట్లో దీపం కింద నిలబడి మురిసిపోకుండా, కుర్చీ అడిగి కూర్చోండి. కూర్చున్నప్పుడు బల్బు కళ్ళలో పడితే ఎంత అందమైనదైనా వదిలేయండి. భోజనాల బల్లకి 30 నుంచి 36 అంగుళాల ఎత్తులో వేలాడితే చాలు. దీపం వెడల్పు బల్ల వెడల్పులో సగానికి తగ్గకుండా, మూడింట రెండొంతులు మించకుండా ఉంటే చూపుకి నప్పుతుంది. బల్బు అట్టపెట్టె మీద 2700 నుంచి 3000 కెల్విన్ అని ఉంటే వెచ్చని వెలుతురు. 6500 అయితే తెల్లటి వెలుతురు, అందులో పప్పుకి కూడా జ్వరం వచ్చినట్టు కనిపిస్తుంది. సి.ఆర్.ఐ. అనే అంకె 90 ఉన్నది అడగండి. రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి, చీరకి జాకెట్టు గుడ్డ రాత్రి పూటైనా జత చూసుకోవచ్చు. బరువైన దీపాన్ని ఫాల్స్ సీలింగుకి కాక స్లాబులో బిగించిన హుక్కుకే తగిలించమని గట్టిగా చెప్పండి.

అన్నిటికన్నా ముందు, ఆ డబ్బులోంచి కొంత తీసి వంటగట్టు మీద, మీ చేతుల మీద వెలుతురు పడేలా, ఒక చిన్న దీపం పెట్టించుకోండి. మిగిలిన దాంట్లో హాలుకి ఏది వస్తే అది కొనండి. “ఇంత చిన్నదా?” అని వచ్చినవాళ్ళు అంటే, వాళ్ళకి కాఫీ ఇచ్చి, వంటింట్లోకి తీసుకెళ్ళి చూపించండి.