సబ్ర్ పేరిట జరిగే రాజీలు

భర్త చేత దెబ్బలు తిన్న స్త్రీ పెద్దల ముందుకు వచ్చినప్పుడు, గుంటూరు, ప్రకాశం ప్రాంతపు పల్లెల్లో ఆమె చెవిన మొదట పడే మాట సబ్ర్. ఓర్పు విశ్వాసికి ఉండవలసిన గుణమే, అందులో సందేహం లేదు. కాని దివ్య ఖుర్ఆన్‌లోని 58వ సూరా ఒక ఇల్లాలి ఫిర్యాదుతోనే మొదలవుతుందన్న సంగతిని ఆ పంచాయతీలలో ఎత్తేవారు అరుదు. భర్త పలికిన అన్యాయపు మాట మీద హజ్రత్ ఖౌలా బిన్తె సఅలబా (ర) దైవప్రవక్త (స) సన్నిధిలో వాదించారు. అల్లాహ్ ఆ మొర ఆలకించాడు. సూరాకు ఆమె వాదనను బట్టే పేరు వచ్చింది. హజ్రత్ హబీబా బిన్తె సహ్ల్ (ర) అయితే ఇంకా తెల్లవారకముందే ప్రవక్త (స) గుమ్మం ముందు నిలబడ్డారు. అవయవం విరిగేలా భర్త ఆమెను కొట్టాడని అబూదావూద్ సంకలనంలోని ఒక ఉల్లేఖనం చెబుతున్నది. ఓర్చుకొమ్మని ఆమెను తిప్పి పంపలేదు. మహర్‌గా పొందిన తోటలను తిరిగి ఇప్పించి, ఆ బంధం నుంచి విడిపించారు.

ఇక మన రాజీల సంగతి. నిసా సూరా 35వ ఆయత్ భర్త తరఫున ఒకరిని, భార్య తరఫున ఒకరిని మధ్యవర్తులుగా నియమించమంటున్నది. మనవారు ఈ ఆయత్‌ను తరచుగానే ఉదహరిస్తారు. అయితే మనలో మేనరికాలు ఎక్కువ. మేనత్తే అత్తగారైన ఇంట్లో అమ్మాయి తరఫు మనిషి ఎవరు? నోరు విప్పితే తండ్రికీ ఆయన తోబుట్టువుకూ చెడుతుంది. కనుక తండ్రే ముందుగా కూతురిని ఊరుకోబెడతాడు. తక్కిన పెద్దలు మస్జిదు కమిటీవారు. అక్కడ స్త్రీ కూర్చునే చోటే ఉండదు. ఆమె మాట ఆమె తమ్ముడి నోట, అదీ సగం మింగివేసి, వినబడుతుంది. దీనిని రెండు పక్షాల మధ్యవర్తిత్వమని ఎలా అనగలం?

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. పత్తి పండే ఈ నల్లరేగడి సీమలో దూది ఏకి, పరుపులు కుట్టి బ్రతికిన నూర్‌బాషాల ఇంటి భాష తెలుగు. ఉర్దూ మాట్లాడే షేకులు, సయ్యదులు వారిని తక్కువగా చూడటం కొత్త సంగతి కాదు. ఖుత్బా ఉర్దూలో, నికాహ్‌నామా ఉర్దూలో ఉన్నచోట, తన మహర్ ఎంతో తెలియకుండానే వేలిముద్ర వేసిన స్త్రీ రేపు ఏ హక్కును అడుగుతుంది? పైగా మిరప కోతల కాలంలో చేనికీ, తొడిమలు తీసేందుకు శీతల గిడ్డంగికీ వెళ్లే మనిషికి ఒక్కసారి కచేరీకి పోవడమంటే ఒకనాటి కూలి పోవడమే.

అన్నిటికన్నా గట్టి సంకెల మరొకటి ఉన్నది. 1985లో షాబానో తీర్పు వచ్చిన నాటినుంచి ముస్లిం స్త్రీ ఫిర్యాదు ఆమె సొంత కష్టంగా మిగలక, మతాల తగవుగా మారిపోయింది. తక్షణ మూడు తలాఖ్‌కు మూడేళ్లదాకా జైలు విధించే 2019 చట్టం తరువాత ఆ భయం పెరిగింది. ఇంటి గొడవ పోలీసు ఠాణాకు చేరితే ఖౌముకే చెడ్డపేరు అంటారు. ఆ భయం పూర్తిగా నిరాధారమని నేననను. కాని దాని ఖరీదును దెబ్బలు తినే మనిషి చేతనే చెల్లింపజేస్తున్నాము. ఇది మనకే అంటిన జబ్బు అనేవారి మాటా నిలవదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భార్యను కొట్టవచ్చునన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో అన్ని మతాలవారూ కలిపి నూటికి దాదాపు 84 మంది. దేశం మొత్తంమీద హింసకు గురై సహాయం కోరినవారు నూటికి 14 మందే.

చట్టాన్ని ఆశ్రయించడం షరీఅత్‌ను విడిచిపెట్టడమే అన్న వాదన చరిత్ర తెలియక చేసేది. 1939 ముస్లిం వివాహ రద్దు చట్టానికి దారి తీసినది మౌలానా అష్రఫ్ అలీ థానవీ గ్రంథం 'అల్ హీలతున్ నాజిజా'. చిక్కుల్లో పడిన భార్యలకోసం మాలికీ ఫిఖ్ నుంచి మార్గం తీసి చూపినవారు మన ఉలమాలే. చేయి చేసుకోకపోయినా, ప్రవర్తనతో బ్రతుకు దుర్భరం చేయడం కూడా ఆ చట్టంలో క్రూరత్వమే. 2005 గృహహింస చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. తలాఖ్ కోరకుండానే, ఉన్న ఇంట్లోనే రక్షణతో ఉండే హక్కును మేజిస్ట్రేటు ద్వారా పొందవచ్చు. ఖాజీకి న్యాయాధికారం ఏదీ లేదని 1880 నాటి ఖాజీల చట్టమే చెబుతున్నది. అందుచేత, "ఖాజీగారు ఒప్పుకోలేదు" అన్న మాటతో ఏ స్త్రీకీ దారి మూసుకుపోదు.

మస్జిదు కమిటీలు వెంటనే చేయగలిగిన పని ఒకటున్నది. నికాహ్‌నామాను తెలుగులో అచ్చువేయించి, మహర్ మొత్తాన్నీ, హనఫీ ఫిఖ్ అంగీకరించిన తఫ్వీజ్ షరతునూ అందులో చేర్చి, వధువుకు చదివి వినిపించిన పిమ్మటే వేలిముద్ర తీసుకోవచ్చును. భార్య తరఫు మధ్యవర్తిని ఆమే ఎంచుకుంటుందన్న వాక్యాన్ని కూడా ఆ కాగితం మీదనే వ్రాయవచ్చును. ఇందుకు ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు.