రీల్‌లో కనపడని జీతం

ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే విదేశీ కొలువుల ఏజెంట్లు తగలకుండా ఉండరు. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ కేర్ వర్కర్లకు వీసాలు మొదలుపెట్టినప్పటి నుంచి వీళ్ల సందడి పెరిగింది. వాళ్ల వీడియోల్లో వృద్ధుల సేవ అంటే మంచు, ఎర్ర బస్సు, పౌండ్ల లెక్క. మంచం పట్టిన ముసలాయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, తడిసిన దుప్పటి మార్చడం మచ్చుకైనా కనపడవు. 2025 జూలైలో బ్రిటన్ బయటి దేశాల నుంచి ఆ కొలువులకు మనుషుల్ని తీసుకోవడం ఆపేసింది. రీల్స్ మాత్రం ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి.

తెలంగాణలోని మా టేకులపల్లి మండలంలో కోయగూడేలు, లంబాడా తండాలు ఎక్కువ. ఇక్కడ ఇలాంటి సేవ పనే చేస్తున్న అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ఆశాలు రెండే రెండు సందర్భాల్లో తెర మీదికి వస్తారు. ఒకటి సన్మానం, రెండోది సమ్మె. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి అవార్డు ప్రకటించినప్పుడు ‘దేవతలు’ అంటూ ఎన్నో వీడియోలు వచ్చాయి. 2023 సెప్టెంబరులో అంగన్‌వాడీలు సమ్మెకు దిగితే ఎర్రజెండాల ఊరేగింపులు కనిపించాయి. మధ్యలో మామూలు మంగళవారం నాడు వాళ్లేం చేస్తారో చూపే వీడియో కోసం వెతికితే దొరకదు.

బిడ్డను తూచడమే తీసుకోండి. వేలాడే తూకానికి గుడ్డ సంచి కట్టి అందులో బిడ్డను కూర్చోబెడతారు. బిడ్డ కాళ్లు తన్నుకుంటుంది, ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. టీచర్ కోయలో ఏదో ముచ్చట చెప్పి ఏడుపు ఆపి, ముల్లు కుదురుకునేదాకా ఆగి, అప్పుడు అంకె రాస్తుంది. వీడియో తీసే పిల్లగాడు ఎడిటింగ్‌లో ముందుగా కోసేది ఆ ఆగిన భాగాన్నే, బోర్ కొడుతుందని. నన్నడిగితే దాన్నే మొత్తం ఉంచాలి. ఈ పని తన వల్ల అవుతుందా కాదా అని ఇంటర్ చదివిన పిల్ల తేల్చుకునేది అక్కడే.

ఎవరు చెబుతున్నారన్నది ఇంకా ముఖ్యం. 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో ఒక ప్రాజెక్టుగా మొదలైన డిజిటల్ గ్రీన్ సంస్థ, రైతుల చేతే సాగు పద్ధతులు చెప్పించి వీడియోలు తీసి, చిన్న ప్రొజెక్టర్లతో ఊళ్లలో చూపించింది. చూసినవాళ్లు ముందు అడిగింది పద్ధతి గురించి కాదు, తెర మీది మనిషిది ఏ ఊరని. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి యూట్యూబ్ గంగవ్వను లోకం నెత్తిన పెట్టుకుందన్నా ఆమె యాస మార్చుకోనందుకే. హైదరాబాద్ యాంకర్ వచ్చి సేవాభావం గురించి చెబితే తండాలో ఎవరు వింటారు?

ఇక జీతం. 2021 పెంపుతో టీచర్‌కు 13,650 రూపాయలు, ఆయాకు 7,800 అయింది. ప్రచార వీడియోల్లో ఈ అంకెలు ఉండవు. అమ్మ మనసు, త్యాగం అంటూ వీణ వాయిద్యం మాత్రం వినిపిస్తుంది. ఆ పొగడ్త నాకు మింగుడుపడదు. త్యాగమని పేరు పెడితే జీతం అడగడం తప్పైపోతుంది కదా! అంకెలు వేస్తే ఆడపిల్లలు ఈ పనికి ముందుకు రారని భయపడేవాళ్లు ఉంటారు. దాచి తెచ్చుకుంటే వచ్చినవాళ్లు ఎన్నాళ్లుంటారు? అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు సంగతి ఒక ఆయా మరో ఆయాకు కోయలో, లంబాడీలో విడమరిచి చెప్పే రెండు నిమిషాల వీడియో ఎవరైనా తీస్తే, నా వాట్సాప్ గ్రూపులన్నిటిలో ముందు అదే పెడతా.