వేలికొసకు అందే లోపం

చింతచెట్టు కింద జీపు ఆగి ఉంది. ఇంజను ఆపేశారు. సీట్లో కూర్చున్న కుర్రాడు స్టీరింగును అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు ఊపుతున్నాడు. కింద గోనెపట్టా మీద వెల్లకిలా పడుకున్న వాళ్ల నాన్న రెండు ముందు చక్రాలను కలిపే టైరాడ్ చివరి జాయింటును గుప్పిట్లో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బొటనవేలు జాయింటు కప్పు మీద, చూపుడువేలు రాడ్డు మీద. రెండూ ఒక్కసారే కదిలితే జాయింటు బాగున్నట్టు. ఒకటి కదిలిన తర్వాత రెండోది ఒక్క క్షణం ఆలస్యంగా కదిలితే లోపల గుండు అరిగినట్టు. ఆ తేడా కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది. సవర భాషలో ఆయన ఏదో అన్నాడు. కుర్రాడు ఊపడం ఆపాడు. తండ్రి రెండో జాయింటు దగ్గరికి జరిగాడు.

సీతంపేటలో అందరూ ఆయన్ని డ్రైవర్ మావ అంటారు. నేనూ అలాగే పిలుస్తాను. షెడ్డు లేదు, బోర్డు లేదు. సొంత జీపు నడుపుకుంటాడు, దాని పని తానే చేసుకుంటాడు. తెలిసినవాళ్లు అడిగితే వాళ్ల బండ్లూ చూస్తాడు. నిరుడు వానాకాలం వెళ్లాక వరుసగా కొన్ని రోజులు ఆయన పెరట్లో కూర్చుని చూశాను. చూసినకొద్దీ గౌరవం పెరిగిన పని అది. అందుకే రాస్తున్నాను.

ఇక్కడి బండ్లకు చక్రాలను పట్టి ఉంచే భాగాలే ప్రాణం. సీతంపేట ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా. జిల్లా మారింది గానీ కొండలు అవే, మలుపులు అవే. దోనుబాయి వైపు ఎక్కే దారిలో జీపు అనాసపళ్లు, చింతపండు, కొండచీపుర్లు మోస్తుంది. సంతరోజున వాటిమీద మనుషుల్ని కూడా మోస్తుంది. ఎదురుగా బండి వస్తే దారి ఇవ్వడానికి ఎడమ చక్రం తారు అంచు దిగాలి. అంచు దగ్గర జానెడు గొయ్యి. దిగిన ప్రతిసారీ ఒక దెబ్బ, ఎక్కిన ప్రతిసారీ ఇంకొకటి. "ఏ బండైనా ఎడం పక్కనుంచే ముసిలిదవుద్ది బాబూ," అన్నాడు మావ. ఆ పెరట్లో విప్పి పడేసిన పాత బుష్‌లు చూశాను. ఎడమవైపువే ఎక్కువగా నలిగి ఉన్నాయి.

బండి వచ్చీ రాగానే ఆయన పానా తియ్యడు. ముందు టైరు మీద అరచెయ్యి పెడతాడు. బయటి అంచు నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి నిమురుతాడు. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపపు పళ్లలా గరుకుగా తగిలితే చక్రాలు ఒకదానికొకటి సమాంతరంగా లేవన్నమాట. రోడ్డు మీద దొర్లుతూనే పక్కకి ఈడ్చుకుపోతున్నాయి. రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువ. నడుమ అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ. అక్కడక్కడా గుంటలు పడితే చక్రం నేలమీద నిలవకుండా గెంతుతోంది, షాకబ్జార్లలో సత్తువ పోయింది. వేల కిలోమీటర్లలో బండికి ఏం జరిగిందో టైరు తన ఒంటిమీదే దాచుకుంటుంది. చాలామంది ఆ టైరును మార్చి పారేస్తారు. దాంతోపాటు సాక్ష్యమూ పోతుంది.

తర్వాత జాకీ. చక్రం నేల వదిలాక దాన్ని పైనా కిందా పట్టుకుని ఊపుతాడు, ఆ తర్వాత కుడీ ఎడమా పట్టుకుని ఊపుతాడు. కుడి ఎడమల్లో మాత్రమే లూజు ఉంటే ముందు అనుమానం టైరాడ్ జాయింటు మీద. పైనా కిందా ఉంటే బేరింగు కావచ్చు, చక్రం పక్కకు తిరిగే కీలు కింగ్‌పిన్ కావచ్చు, కార్లలో అయితే బాల్ జాయింట్ కావచ్చు. ఈ అనుమానం తీర్చుకోవడానికి ఆయన చేసే పని నాకు ఎంతో నచ్చింది. కుర్రాణ్ని బ్రేకు తొక్కమంటాడు. తొక్కి పట్టుకోగా మళ్లీ చక్రం ఊపుతాడు. లూజు మాయమైతే లోపం బేరింగులో ఉంది, బ్రేకు పట్టు హబ్బును బిగించేసింది కాబట్టి. ఇంకా ఊగుతూనే ఉంటే బేరింగు తప్పు లేదు, కింగ్‌పిన్ అరిగింది. ఒక్క సామానూ విప్పలేదు, ఒక్క రూపాయీ ఖర్చు కాలేదు. పాదం ఒకటి, చేతులు రెండు, అంతే.

మా కారు విషయంలో నాకు దీని విలువ తెలిసొచ్చింది. గోతిలో దిగినప్పుడల్లా ముందువైపు టక్కుమని చప్పుడు వస్తుంటే పట్నంలో ఒక షెడ్డువాళ్లు రెండు షాకబ్జార్లూ మార్చారు. చప్పుడు అలాగే ఉంది. మావ కారు కిందికి దూరి, పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను ఒక్కో బోల్టు తలకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. నేను బానెట్ మూల మీద బరువు వేసి వదులుతున్నాను. నాలుగో చోట చెయ్యెత్తి ఆపమన్నాడు. యాంటీరోల్ బారును పట్టి ఉంచే రబ్బరు బుష్ చీలిపోయింది. అరచేతిలో ఇమిడే వస్తువు. "ఎక్కడుందో తేలకుండా పానా పట్టకూడదు బాబూ. పట్టామా, ఉన్న తప్పుకి మనం ఇంకోటి కలుపుతాం." ఆయన పనితనమంతా ఈ ఆగడంలోనే ఉందని నాకనిపిస్తుంది. చేతికి పని తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. చెయ్యి కదపకుండా నిలబడగలిగినవాళ్లు తక్కువ.

ఇక చింతచెట్టు కింది జీపు. తిన్నగా నడిపినా అది కొంచెం పక్కకు తిరిగి పీతలా పోతోందని దాని యజమాని గోడు. అలైన్‌మెంట్ చేయించాడు, నాలుగు రోజులకే మళ్లీ మొదలు. జాయింట్లన్నీ బాగున్నాయని మావ వేళ్లు చెప్పాయి. అప్పుడు లోపలికి వెళ్లి పురికొస తెచ్చాడు. ఎడమవైపు ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమ దాకా లాగి ముడి వేశాడు. అదే కొసను కుడివైపు పట్టాడు. ముడి చక్రం నడిమిని దాటిపోయింది. చిటికెనవేలి మందం తేడా. రెండు ఇరుసుల మధ్య దూరం ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. స్టీరింగులో తప్పే లేదు. వెనక ఇరుసే ఎడమవైపు వెనక్కి జరిగింది.

ఇరుసును దాని చోట నిలిపేవి కమాన్ కట్టలు. కమాన్ అంటే విల్లు. ఉర్దూ నుంచి లారీలతో పాటు వచ్చిన ఈ మాట విల్లు బాగా తెలిసిన కొండల్లో తేలిగ్గా ఇమిడిపోయింది. ఒకదాని కింద ఒకటి పొట్టిగా అమరిన ఉక్కు పట్టీలు, బరువు పడితే చదునవుతాయి, తీస్తే మళ్లీ వంగుతాయి. వంగేటప్పుడు పట్టీలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ రాపిడే ఊపును కొంత అణుస్తుంది. గుర్రపు బగ్గీల కాలం నాటి ఈ అమరిక కొండదారిలో బరువు మోసే బండికి నేటికీ సరైనదే. పట్టీలన్నిటికీ నడుమ ఒక రంధ్రం, అందులో ఒక బోల్టు. దాన్ని సెంటర్ బోల్ట్ అంటారు. దాని తల ఇరుసు మీది గుంటలో కూర్చుని కట్టను కదలనివ్వదు. కట్టను ఇరుసుకు బిగించే యు-బోల్టులు వదులైతే బరువంతా ఈ సన్నటి బోల్టు మీద పడి అది తెగిపోతుంది. బయటికి ఏమీ కనిపించదు. ఇరుసు మాత్రం జరిగిపోతుంది.

యు-బోల్టు నట్లకు ముందురోజు సాయంత్రమే డీజిలు పోసి నానబెట్టాడు. పొద్దున చాసిస్‌ను ఎత్తి, జాకీ మీద భారం వదిలెయ్యకుండా పక్కనే మద్ది దుంగలు పేర్చాడు. దుంగలు పెట్టకుండా కొడుకును తల కూడా దూర్చనివ్వడు. బోల్టు తియ్యకముందు పట్టీలను సి-క్లాంపుతో బిగించాడు, లేకపోతే ఒక్కసారిగా విచ్చుకుంటాయి. తెగిన బోల్టు ముక్క బయటికొచ్చింది. విరిగిన చోట సగం తుప్పు రంగు, సగం మెరుపు. సగం ఎప్పుడో తెగింది, మిగతా సగం మొన్న తెగింది. కొత్తది స్ప్రింగు కొట్లో కొన్న గట్టి ఉక్కు బోల్టు. ఇనప సామాన్ల కొట్లో దొరికే మామూలు బోల్టు ఇక్కడ పనికిరాదని రెండుసార్లు చెప్పాడు.

యు-బోల్టుల నాలుగు నట్లూ మూలకు మూల చొప్పున, తలా కొంచెం బిగించుకుంటూ వచ్చాడు. కట్ట కొసను చాసిస్‌కు కలిపే, రబ్బరు బుష్‌లున్న షాకిల్ బోల్టులను మాత్రం చేత్తో తిప్పి వదిలేశాడు. దుంగలు తీసి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే వాటిని బిగించాడు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే బిగుసుకుని, బండి కిందికి దిగగానే మెలితిరిగి కొద్దికాలంలోనే చిరుగుతుంది. చాలా షెడ్లలో ఎవరూ ఆగని చోటు ఇది.

చివరికి ముందు చక్రాల వరస. చక్రాన్ని తిప్పుతూ టైరు నడుమ మేకుతో గీత గీశాడు, రెండోదానికీ అంతే. గీతల మధ్య దూరం కొలవడానికి ఒకదానిమీద ఒకటి జరిగే రెండు వెదురు బద్దలు వాడాడు. ముందువైపు కొలిచి, బద్దల మీద గాటు పెట్టాడు. బండిని సగం చుట్టు ముందుకు తోసి, అవే గీతలు వెనక్కి వచ్చాక మళ్లీ కొలిచాడు. ముందు కొలత రెండు మిల్లీమీటర్ల దాకా తక్కువ ఉండాలి. టైరాడ్‌కు ఒక కొసన కుడి మర, ఒక కొసన ఎడమ మర ఉంటాయి గనక రాడ్డును తిప్పితే చాలు, పొడవు పెరుగుతుంది, తరుగుతుంది. మలుపులో లోపలి చక్రం బయటిదానికంటే ఎక్కువ తిరగాలన్న లెక్కను మ్యూనిక్ బగ్గీల పనివాడు లాంకెన్‌స్పెర్గర్ కనిపెడితే, 1818లో లండన్‌లో అకర్‌మాన్ పేరున పేటెంటు అయింది. మావ దాన్ని పురికొసతోనే చూపించాడు. స్టీరింగు చేతులను వెనక్కి సాగదీసిన గీతలు వెనక ఇరుసు నడిమి దగ్గరికి వచ్చి కలుస్తున్నాయి.

ఆయన చెయ్యని పనులూ ఉన్నాయి. వంగిన స్టీరింగు ఆర్మును కాల్చి తిన్నగా చెయ్యడు. టైరాడ్‌కు వెల్డింగు పెట్టడు. నట్టు చీలికలో స్ప్లిట్ పిన్ పట్టకపోతే నట్టును వెనక్కి వదులు చెయ్యడు, ముందుకే బిగిస్తాడు. మా కారు స్ట్రట్‌లో చుట్టస్ప్రింగు సంగతి అడిగితే తల అడ్డంగా ఊపాడు. నొక్కిపట్టే సాధనం లేకుండా ఆ నట్టు విప్పితే స్ప్రింగు మనిషిని చంపగలదు. "ఆ పని షెడ్డులోనే బాబూ."

జీపు తిన్నగా నడిచింది. చదును దారిలో స్టీరింగు మీద వేళ్లు ఆనించి వదిలితే తనంతట తాను నడిమికి వచ్చింది. సంతకు అనాసపళ్లు దింపి సాయంత్రం వచ్చినప్పుడు దాని యజమాని ఇంటికి పోబోతుంటే మావ ఆపాడు. గోనెపట్టా పరిచి మళ్లీ కిందికి దూరాడు. బరువు పడ్డాక పట్టీలు సర్దుకుంటాయి, నట్లు వదులవుతాయి. మొదటి మూడూ పానాకు కదల్లేదు. నాలుగోది పావు చుట్టు తిరిగింది.