పనిస్థలంలో నగ్న కళారూపాలు: తెర ఎప్పుడు అవసరం?

కార్యాలయంలో నగ్న చిత్రం లేక శిల్పం ఉండవచ్చునా అనే ప్రశ్న వచ్చినప్పుడు, విశ్వాసులు సాధారణంగా శరీరం ఎంత కనబడుతున్నదో మాత్రమే చూస్తారు. ఈ కొలత చాలదని క్రింది మూడు ఉదాహరణలు తెలుపుచున్నవి.

మొదటిది, మైకెలాంజిలో సిస్టీన్ చాపెల్ గోడపై 1541లో ముగించిన ‘అంతిమ తీర్పు’. అది ఆరాధనాస్థలం, పోపు ఎన్నిక జరిగే చోటు కూడా. ఆ దిగంబర రూపాలు స్నానశాలలకే తగునని పోపు ఆస్థానపు ఆచారాల అధికారి బియాజియో ఆక్షేపించినట్లు వసారి వ్రాశాడు. 1565లో డానియెలె ద వోల్టెర్రా అనేక రూపాలకు వస్త్రాలు చిత్రించాడు. స్థలాన్ని గౌరవించాలనడం న్యాయమే. అయితే తీర్పరి యెదుట హోదాను తెలిపే అంగీ ఎవరికీ ఉండదు (హెబ్రీ 4:13 పోల్చండి). ఆ చిత్రంలో నగ్నత్వమే బోధ. దానిని కప్పితే బోధ మరుగవుతుంది.

రెండవది, వాషింగ్టన్‌లోని అమెరికా న్యాయశాఖ భవనం. ఒక రొమ్ము కనబడే ‘న్యాయ స్ఫూర్తి’ అనే అల్యూమినియం విగ్రహాన్ని 2002లో సుమారు 8,000 డాలర్ల తెరలతో మరుగుచేశారు. 2005లో వాటిని తీసివేశారు. టెలివిజన్ నేపథ్యం కోసమేనని అధికారులు చెప్పినా, అటార్నీ జనరల్ యాష్‌క్రాఫ్ట్ భక్తికి దానిని ముడిపెట్టి అనేకులు నవ్వారు. ఆ విగ్రహం ఏ ఉద్యోగినినీ కించపరచుటకు నిలిపినది కాదు.

మూడవది, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ షిప్‌యార్డ్స్. పురుషుల మధ్య వెల్డింగు పనిచేసిన ఒక స్త్రీ, గోడలపై నగ్న స్త్రీల బొమ్మలున్నాయని ఫిర్యాదు చేసినా యాజమాన్యం సరిదిద్దలేదు. 1991లో ఫెడరల్ న్యాయస్థానం దీనిని లైంగిక వేధింపుగా నిర్ణయించింది. మన దేశపు 2013 చట్టం కూడా అశ్లీల దృశ్యాలు చూపడాన్ని వేధింపులలో చేర్చింది.

కాబట్టి మూడు సంగతులు విచారించాలి: ఆ కృతిలో నగ్నత్వం ఏమి చెప్పుచున్నది? దానిని ఎవరు, ఎవరి కన్నులయెదుట పెట్టారు? అక్కడ పనిచేయువారు దానిని తప్పించుకొనగలరా, భయపడకుండా అభ్యంతరం చెప్పగలరా? మూడవ ప్రశ్నే అన్నిటికన్న బరువైనది. గొప్ప చిత్రకారుని కృతియైనను, రోజంతా దాని యెదుట కూర్చోవలసిన సహోద్యోగిని బాధపెడితే వేరొక గదికి మార్చడం కళకు ద్రోహం కాదు.

దేవుడు ఆదాము హవ్వలకు చొక్కాయిలు తొడిగించినది (ఆది 3:21) సిగ్గుపడినవారిని ఆదుకొనుటకే. విగ్రహానికి తెర కట్టుటలో త్వరపడి, బొమ్మల నడుమ పనిచేసే సహోదరి మాటను త్రోసివేస్తే, మనం రాతికి చూపిన మర్యాద మనిషికి చూపనివారమవుతాము. అట్టి ఫిర్యాదు తెచ్చిన స్త్రీని కాపరి మొదట వినాలి. బొమ్మను గురించిన చర్చ తరువాత.