ప్రశ్నకు లొంగని పూనకము: ‘ది ఎగ్జార్సిస్ట్’ చిత్రముపై ఒక విమర్శ

అమెరికాలో 1973వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన విడుదలయైన ‘ది ఎగ్జార్సిస్ట్’ అను చలనచిత్రము అర్ధశతాబ్ది గడచినను ప్రేక్షకులను భయపెట్టుచునే యున్నది. విలియం పీటర్ బ్లాటీ 1971లో ప్రకటించిన తన నవలను తానే చిత్రమునకు అనువుగా వ్రాయగా, విలియం ఫ్రైడ్‌కిన్ దానికి దర్శకత్వము వహించెను. ఆ రచనకును, చిత్రములోని శబ్దమునకును ఆస్కారు బహుమతులు లభించినవి. పండ్రెండేండ్ల బాలిక రీగన్‌ను ఒక పిశాచము ఆవేశించుట, వైద్యులు చేతులెత్తివేయుట, ఇద్దరు క్రైస్తవ మతగురువులు దానిని వెడలగొట్టబోయి ప్రాణములు కోల్పోవుట – కథ ఇంతమాత్రమే.

ఇంత చిన్న కథ ఏల భయపెట్టవలెను? సాధారణముగా చెప్పబడు కారణములు తల వెనుకకు తిరుగుట, మంచము ఎగిరిపడుట, పచ్చని వాంతి. ఇవి యన్నియు గారడీలు. గారడీకి ముసలితనము త్వరగా వచ్చును. ఈనాటి యువకులు ఆ దృశ్యములను చూచి నవ్వుటయు కలదు. కాని నవ్వినవారు సైతము చిత్రము ముగియునప్పటికి మౌనము వహింతురు. కనుక భయమునకు మూలము గారడీలో లేదు, మరియొకచోట వెదకవలసియున్నది. దానిని వెదకుటకు కోరాపుట్, రాయగడ సీమలకంటె అనువైన తావు అరుదు.

ఈ సీమ 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు విశాఖపట్టణ మండలములోని జయపుర సంస్థానము. రాయగడ 1992 అక్టోబరు 2వ తేదీన కోరాపుట్ నుండి విడివడి వేరు జిల్లా యైనది. జయపురము, రాయగడ, గుణుపురములలో తరతరములుగా నివసించు తెలుగువారికి పూనకము వింత కాదు. అమ్మవారి పండుగనాడు డప్పు మ్రోగుచుండగా ఇంటియాడపడుచు ఒకతె జుట్టు విరబోసికొని ఊగును. పిల్లలు తల్లి కొంగు పట్టుకొందురు గాని పరుగెత్తరు. పెద్దలు వేపమండలు, పసుపునీళ్లు తెత్తురు. అంతట ఒక వృద్ధురాలు ముందుకు వచ్చి, “ఎవరివే తల్లీ నువ్వు? నీకేటి కావాల?” అని యడుగును. ఆవేశించినది పేరు చెప్పును, కోపకారణము చెప్పును, కోరిక చెప్పును. చీర పెట్టెదమనియో, ముడుపు చెల్లించెదమనియో మాట యిత్తురు. పూనకము దిగును. ఆమె మంచినీళ్లు త్రాగి, ఏమియు నెరుగనట్లు వంటపని చూచుకొనును.

ఈ ప్రశ్నయే మన సంప్రదాయమునకు ప్రాణము. సికిందరాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాలలో రంగమునాడు పచ్చికుండపై నిలిచిన స్త్రీని ప్రశ్నలడిగియే ఏటి ఫలమును తెలిసికొందురు. నియమగిరి కొండలలోని డొంగ్రియా కోందులకు బెజుణి, కోరాపుట్ ప్రాంతపు గ్రామములకు గురుమాయి ఇట్టివారే. వీరు దేవతకును మనిషికిని నడుమ దుబాసీలు. దుబాసీ యున్నచోట తగవు ఉండవచ్చును గాని దిక్కుతోచనితనము ఉండదు.

గుణుపురము చుట్టునున్న కొండలలోని సవరల ఆచారము మరింత గమనింపదగినది. సవర భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారిని తెలుగువారికి పరిచయము చేయనక్కరలేదు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతముపై ఒక బృహద్గ్రంథమును ప్రకటించెను. పియర్స్ వైటెబ్‌స్కీ అను బ్రిటిషు మానవశాస్త్రజ్ఞుడు 1970వ దశకము నుండి వారి నడుమ మసలి, మృతులతో వారు జరుపు సంభాషణలను గూర్చి 1993లో ఒక గ్రంథము వెలువరించెను. సవరల విశ్వాసములో మరణించినవాడు ‘సోనుం’ అగును. తాను పోయిన వ్యాధినే బ్రతికియున్న బంధువులకు అతడు తెచ్చునను భయము వారికి లేకపోలేదు. కాని ఆ భయమునకు మందు మాటయే. పూజారిణి ఆవేశము పొందగా ఆమె నోట మృతుడు పలుకును. చుట్టును కూర్చున్నవారు అతనిని అడుగుదురు: ఎట్లు పోతివి, ఎవరిపై అలిగితివి, మేమేమి తక్కువ చేసితిమి? ఏడ్తురు, తగవులాడుదురు, ఎత్తిపొడుతురు, నవ్వుటయు కలదు. ఇది ఒకనాటితో ముగియదు, ఏండ్ల తరబడి సాగును. క్రమముగా మృతుని కోపము చల్లారి, తుదకు అతని పేరు వంశములో పుట్టిన బిడ్డకు వచ్చును. తల్లి పోవునప్పుడు దగ్గరలేని కొడుకు ఇక్కడ ఆమెతో మరల మాటలాడగలడు, క్షమాపణ అడుగగలడు, తిట్లు తినగలడు.

ఈ దృష్టితో ఎగ్జార్సిస్ట్ చిత్రమును చూచినచో దాని భీకరత్వము వేరుగా తోచును. మతగురువులలో చిన్నవాడైన కారస్ మనోవైద్యుడు కూడ. పేదరికముచే అతడు ముసలితల్లికి సరియైన వైద్యము చేయింపలేకపోయెను. ఆమె పోయినప్పుడు తాను లేనందుకు లోలోపల కుమిలిపోవుచుండును. బాలికలోని పిశాచము అతని తల్లి తమతోనే యున్నదనియు, ఏమైన కబురు చెప్పదలచితివా యనియు అడుగును. సవర కొడుకైనచో ఈ క్షణమునకే ఎదురుచూచుచుండెడివాడు. కారస్ కూడ ఒక్క ప్రశ్న వేయును: అట్లయిన మా తల్లి పుట్టింటిపేరు చెప్పుము. దానికి ప్రత్యుత్తరముగా వచ్చినదే ఆ ప్రసిద్ధమైన పచ్చని వాంతి! లోకమంతయు ఆ వాంతిని చూచి అసహ్యించుకొన్నది గాని అది ఒక ప్రశ్నకు జవాబుగా వచ్చినదను సంగతిని గుర్తించినవారు తక్కువ. పేరడిగినచో పేరు చెప్పవలెనను ధర్మమును ఆ పిశాచము అంగీకరింపదు. తరువాత అదే నోట తల్లి గొంతు దీనముగా కొడుకును నిందించును. ఆ గొంతు తల్లిది, మాట తల్లిది కాదు. ఇంతకంటె క్రూరమైన దృశ్యము చిత్రములో లేదు. అందు రక్తమును లేదు, గారడీయు లేదు.

వృద్ధుడైన మెరిన్ తన సహాయకునికి చేయు మొదటి హెచ్చరికయు ఇదే. దానితో సంభాషింపరాదు, అది అబద్ధములలో నిజములను కలిపి పలుకునని అతడు చెప్పును. మన గ్రామములలో మాటయే చికిత్స. ఆ గదిలో మాటయే ప్రమాదము. కోరాపుట్ సీమవాడు ఆ గది గుమ్మమున నిలిచినచో తనకు తెలిసిన ఒకే ఒక ఆయుధమును బయట విడిచి లోనికి పోవలసివచ్చును.

శబ్దమునకు బహుమతి లభించుట యుక్తమే. బాలిక పాత్రను లిండా బ్లెయిర్ ధరించెను. పిశాచపు గొంతు మాత్రము మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ అను నటీమణిది. చిన్నబిడ్డ పెదవులనుండి వయసు మీరిన బొంగురుగొంతు వెలువడునప్పుడు కన్ను ఒకటి చెప్పును, చెవి మరియొకటి చెప్పును. గదిని శీతలయంత్రములతో గడ్డకట్టించి నటుల ఊపిరి పొగవలె కనబడునట్లు చేసిరి. ఆ చలి నటనచే వచ్చినది కాదు.

వైద్యపరీక్షల ఘట్టము వేరొక విధమున గొప్పది. మెడలోని రక్తనాళమునకు సూది గ్రుచ్చి మెదడును చిత్రము తీయు దృశ్యమును చూడలేక, పిశాచమును చూడగలిగినవారే కన్నులు మూసికొందురు. తల్లి క్రిస్ గోడకావల నిలిచియుండును. వైద్యులు మంచివారే, శ్రద్ధ గలవారే, కాని వారికేమియు తెలియదు. ఏజెన్సీ గ్రామమునుండి బిడ్డను భుజముపై వేసికొని విశాఖపట్టణము పెద్దాసుపత్రికి దిగివచ్చిన తల్లి ఎవరైనను, చేత కాగితముల కట్టతో వరండాలో కూర్చున్న ఆ గడియలను ఇందు గుర్తింపగలదు. మలయాళమున 1993లో వచ్చిన ‘మణిచిత్రత్తాళు’లోను, దానినుండి పుట్టిన 2005 నాటి ‘చంద్రముఖి’లోను మనోవైద్యుడు జయించి ప్రేక్షకుని నిశ్చింతగా ఇంటికి పంపును. ఇక్కడ వైద్యులే తుదకు మతకర్మను సూచింతురు. అదియు విశ్వాసముతో గాదు, రోగి మనస్సుపై ఏమైన పనిచేయునేమోనని!

తెలుగులో ఈ జాతి చిత్రములకు కొదవలేదు. రాంగోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’లో మధ్యతరగతి ఇల్లే భయస్థానమగుట మెచ్చదగినది. కోడి రామకృష్ణ ‘అరుంధతి’ (2009) వైభవము గల చిత్రము. కాని అందలి పశుపతికి పగ యున్నది, పగకు కారణమున్నది, కారణము తెలిసినచో భయము సగమగును. ఒంటరి తల్లిని, ఆవేశమునకు గురియైన కుమార్తెను చూపిన ‘మసూద’ (2022) ఎగ్జార్సిస్టునకు దగ్గరి చుట్టము, తల్లి నిస్సహాయతను చక్కగా పట్టుకొన్నది. హిందీలో 1980 నాటి ‘గెహరాయీ’ వీటన్నిటికంటె విచిత్రమైనది. అందు కూతురినోట పలుకు శక్తి, పల్లెలోని భూమిని అమ్మివేసిన తండ్రిని నిలదీయును. అది పిశాచముకంటె వాదికి దగ్గర. కొండలు, అడవులు చేతులు మారిన ఈ సీమలో ఆ చిత్రమునకు అర్థము చెప్పుకొనుట కష్టము కాదు.

ఇట్టి చిత్రములు మూఢవిశ్వాసమును పెంచునను ఆక్షేపణ ఒకటి కలదు. దీనిని తేలికగా త్రోసివేయరాదు. చిల్లంగి పెట్టినదని నింద మోపి పొరుగున ఉన్న స్త్రీని కొట్టుట, ఊరినుండి వెడలగొట్టుట, చంపుట కూడ ఈ కొండప్రాంతములు ఎరిగిన పాపమే. మంత్రగత్తె యను నెపముతో జరుగు హింసను నివారించుటకు ఒడిశా రాష్ట్రము 2013లో ప్రత్యేకముగా చట్టము చేయవలసివచ్చినది. కాని ఆక్షేపణను చిత్రమునుబట్టి నిర్ణయింపవలెను. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నవల తెలుగిండ్లను ఒక తరమంతయు వణికించినది. అందు బాలికపై ప్రయోగము చేయించినవారు కలరు, చేసినవాడు కలడు. 2023 నాటి ‘విరూపాక్ష’లోను క్షుద్రప్రయోగము ఒక మనిషి చేతిపనియే. ఇట్టి కథ ఎంత నేర్పుగా నడచినను దాని చూపుడువ్రేలు ఒక మనిషివైపు సాగును. చదివినవాడు పుస్తకము మూసి పొరుగింటివైపు చూచుటకు అవకాశమున్నది. ఎగ్జార్సిస్ట్ చిత్రములో ఆ వ్రేలు లేదు. ఇరాకు దేశపు త్రవ్వకములలో బయల్పడిన పురాతన విగ్రహమునుండి వాషింగ్టను నగరపు ఇంటివరకు ఎవరును ప్రయోగము చేయరు, ఎవరును ముద్దాయి కారు. బిడ్డను రక్షించుటకు ఎవరినో కొట్టవలసిన పని లేదు, తానే చావవలసియున్నది. ఈ భయము ప్రేక్షకుని గుండెలో నిలిచిపోవును గాని వీధిలోనికి కఱ్ఱ పట్టుకొని పోదు. కనుక మూఢవిశ్వాసమునకు సంబంధించినంతవరకు, మన చేతబడి కథలకంటె ఇదియే తక్కువ హానికరమని చెప్పుట సాహసము కాదు.

వైటెబ్‌స్కీ 2017లో మరియొక గ్రంథమును ప్రకటించెను. సవర యువతరము చాలవరకు బాప్టిస్టు క్రైస్తవమునకును, కొంత హిందూమతమునకును మరలి, మృతులతో మాటలాడుట మానుకొన్న వృత్తాంతము అందున్నది. తాతలు గంటల తరబడి సంభాషించినచోట మనుమలు మౌనముగా ప్రార్థింతురు. ఎగ్జార్సిస్ట్ చిత్రము ఆ తాతలకు ఒక అనాగరికపు తగవుగా తోచియుండును: పేరు చెప్పదు, కోరిక చెప్పదు, ఇదేమి దయ్యమని. మనుమలకు మాత్రము అది తమ ఇంటి కథకు దగ్గరగా తోచవచ్చును, కారస్ వలె వారికిని తల్లితో మాటలాడు దారి మూసికొనిపోయినది గనుక.

చిత్రాంతమున కారస్ పిశాచమును తనలోనికి రమ్మని పిలిచి, కిటికీనుండి దుమికి, రాతిమెట్ల అడుగున రక్తపుమడుగులో పడియుండును. మిత్రుడైన మతగురువు డయర్ పరుగెత్తి వచ్చి, పాపనివేదనము చేసికొందువా యని యడుగును. కారస్‌కు మాట రాదు. చేతివ్రేళ్లు మాత్రము మెల్లగా బిగియును.