పాచి పనితనం

పొదిలిలో చెరువు నీళ్లు పచ్చబడితే పాచి పట్టిందని ముఖం తిప్పుకుంటాం గానీ, దాని పనితనం మెచ్చుకోదగ్గది. మిల్లీమీటరులో వందో వంతుకు మించని క్లోరెల్లా అనే పాచి కణం గోడ మీద ఋణావేశం ఉంటుంది. నీళ్లలో కరిగిన రాగి, నికెల్ అయాన్లు వచ్చి దానికి అతుక్కుంటాయి. ఎండబెట్టి పొడి చేసినా ఆ పట్టు పోదు. పలుచటి ఆమ్లంతో కడిగితే లోహం విడివడుతుంది, పొడి మళ్లీ పనికొస్తుంది. అంత సన్నటి పొడిని నీళ్లలోంచి తీయడమెలా అంటారా? ఆల్జినేట్ జిగురులో కలిపి పూసలు కట్టి, గొట్టంలో నింపి, నీటిని వాటి గుండా పంపుతారు. సున్నం వేసి లోహాన్ని అడుక్కి దించొచ్చు కదా అంటే, లోహం బాగా పలచగా ఉన్న నీళ్లలో ఆ పద్ధతికి ఖర్చెక్కువ, ఫలితం తక్కువ. పాచి రాణించేది అక్కడే. పొదిలి బోర్లను పీడించే ఫ్లోరైడ్ లోహం కాదు కాబట్టి దానికిది మందు కాదు. కానీ లోహపు పూత కర్మాగారాలు వదిలే నీటిలోని విషాన్ని తీసి, దాన్నే సరుకుగా చేతికివ్వగలదు.